చేతుల ఆపీసు

తొమ్మిదేళ్ళు పనిలేకుండా ఇంట్లో కూర్చున్న మనిషిని చూసి సంతోషించినవాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు చేతుల ఆపీసువాళ్ళే. మిగతాచోట్లన్నిటా ఆ తొమ్మిదేళ్ళూ తవిటమ్మకు మచ్చ. బట్టల కొట్లో పని అడిగితే ఇన్నాళ్ళూ ఏం చేశావన్నారు. ఆస్పత్రిలో ఆయా పనికి వెళ్తే, నలభై నాలుగేళ్ళా అని పెదవి విరిచారు. ఇక్కడ మాత్రం బల్ల వెనక గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, "మధ్యలో ఎక్కడా ఏ చేతిపనీ చెయ్యలేదు కదా? కుట్టుమిషనూ అదీ?" అని రెండుసార్లు అడిగి, లేదంటే, "మంచిది, చాలా మంచిది" అని రాసుకున్నాడు.

దాని అసలు పేరు నవహస్తం. ఏళ్ళ తరబడి పనిలేనివాళ్ళను మళ్ళీ పనిలో పెట్టడానికి ప్రభుత్వం తెచ్చిన పథకం. ఏటి ఒడ్డునున్న జూట్ మిల్లు మూతపడ్డాక బతుకులు చెదిరిపోయిన ఊరు కదా అని, ఇక్కడి పాత ఐటీఐ భవనానికి రంగులేసి, లోపల ఏసీలు బిగించి తెరిచారు. నవహస్తం అన్న మాట జనానికి నోరు తిరగలేదు. చేతుల ఆపీసు అన్నారు, అదే నిలబడింది.

అక్కడ పని నేర్పరు. పని తెలిసిన ఒకరి చేతి నేర్పు తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. ఆ పని చేసే యంత్రాన్ని తయారు చేసినవాళ్ళకు పెద్ద డాక్టర్ వకుళ. ఆవిడ ఆ సంగతి చెప్పడానికి తవిటమ్మ చేతికి ఒక సూదీ దారం ఇచ్చింది.

"ఎక్కించండి."

తవిటమ్మ ఎక్కించింది.

"ఎలా ఎక్కించారో చెప్పండి."

"ఎలగేటమ్మా, ఎక్కించీసినాను."

"అదే. నోటికి తెలీదు, చేతికి తెలుసు. మేం పట్టుకునేది దాన్నే. పట్టుకుని ఇంకొకరికి ఇస్తాం. కాకపోతే నలభై దాటాక తలలో కొత్తదానికి చోటుండదు. పాత నారు పీకితే గానీ కొత్త నారు పడదు. మీ మిల్లు పని తొమ్మిదేళ్ళుగా ఊరికే పడి ఉంది కనుక దాన్ని తీసి ఆ చోట్లో పెడతాం." డాక్టరు ఫారం ముందుకు లాక్కుంది. "ఇది బాగా ఆలోచించి చెప్పండి. మిల్లులో చేతికి వచ్చినదేదైనా ఇప్పటికీ వాడుతున్నారా? చిన్నదైనా సరే."

"మిల్లే నేదు. ఇంకేటి వాడతాను?"

"మిల్లు చప్పుడులో మీవాళ్ళు చేతులతో మాట్లాడుకునేవాళ్ళని విన్నాను. నిజమేనా?"

తవిటమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. "అలాటిదేటీ నేదమ్మా" అంది.

ఎందుకు అలా అందో బయటివాళ్ళకు అర్థం కాదు. మిల్లులో మగ్గాలూ దారం చుట్టే బాబిన్లూ తిరుగుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడేది కాదు. అందుకని తాతల నాడే అక్కడివాళ్ళు చేతిమాట పుట్టించుకున్నారు. కుడిచెయ్యి మిషను మీద ఉంటుంది కనుక అంతా ఎడమచేత్తోనే. దానికి పేర్లున్నాయి, తిట్లున్నాయి, వేళాకోళాలున్నాయి. సూపర్‌వైజర్లకు అది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయేసరికి యూనియను కుట్రలనుకునేవాళ్ళు. చెయ్యి కదిలిస్తూ దొరికితే ఆ పూట ఇంటికి పంపేసేవాళ్ళు. కాబట్టి కొత్తగా చేరిన పిల్లకు బాబిను ఎక్కించడం కంటే ముందు నేర్పే పాఠం ఒకటే. కాగితం, పెన్ను పట్టుకున్నవాడు ఎవడడిగినా, చేతిమాట అంటూ ఏదీ లేదని చెప్పాలి. తవిటమ్మ పద్దెనిమిదో ఏట నేర్చుకున్న పాఠం అది. మిల్లు పోయింది, సూపర్‌వైజర్లు పోయారు, ఆ జవాబు మాత్రం నాలుక మీద అలాగే ఉండిపోయింది. పైగా అది మిల్లు పని అని ఆమెకు తోచనేలేదు. మాట్లాడుకోవడాన్ని పని అని ఎవరనుకుంటారు?

డాక్టరు లేదు అన్నచోట టిక్కు పెట్టింది.

తవిటమ్మ మొగుడు గురునాయుడు. ఇరవయ్యారేళ్ళు మగ్గాల దగ్గర పనిచేశాడు. మగ్గాలు ఆయన చెవులు రెండూ తినేశాయి. మిల్లు ఆగిపోయిన రోజున అందరూ ఆ నిశ్శబ్దానికి గుండె జారిపోయి నిలబడితే, ఆయనకు మాత్రం తేడా తెలియలేదు. నోరుంది గానీ తన గొంతు తనకు వినపడదు. పాల ప్యాకెట్టు అడిగితే వీధంతా మారుమోగేది. వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వు వినపడకపోయినా పళ్ళు కనపడతాయి కదా. దాంతో ఆయన నోరు మూసుకున్నాడు. ఏళ్ళయింది.

మిల్లు జనం ఎటువాళ్ళటు పోయారు. కొందరు సూరత్, కొందరు చెన్నై, కొందరు ఏకంగా పైకే. చేతిమాట తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే మిగిలారు, ఒకే గదిలో. పిల్లల్లేరు.

అలా అని ఆ ఇల్లు మూగది కాదు. గురునాయుడంత వాగుడుకాయ ఆ వీధిలో ఇంకొకడు లేడు. మున్సిపాలిటీ ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చెత్త గురించి పాఠం చెప్తుంటే, గురునాయుడు బుద్ధిగా తలూపుతూనే తొడ పక్కన ఎడమచేత్తో ఆయన పొట్ట మీదా నడక మీదా వ్యాఖ్యానం చేసేవాడు. తవిటమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి నీళ్ళ బిందె సర్దేది. పెళ్ళికి ముందు కూడా అంతే. రెండు వరసల మగ్గాల అవతలి నుంచి ఆయన అన్న మాటలు మిల్లంతా చూసింది, ఒక్క మేనేజరు తప్ప.

ఆ సాయంత్రం ఆమె చేతుల ఆపీసు సంగతి చెప్పింది.

"మంచి కబురే" అంది గురునాయుడి చెయ్యి. "నాను కూడా ఎల్దునా?"

"యాభై దాటినోల్లని తీసుకోరంట."

"బతికిపోనాను. అయితే నువ్వు పనికెల్లు, నాను వండతాను."

"నువ్వు వండితే ఇంక తిన్నట్టే. పస్తే."

"ఇన్నేల్లూ నీ వంట తిని బతికినోన్ని. నాకేటి బయం?"

చేతుల ఆపీసులో పన్నెండు సార్లు పడుకోవాలి, రోజు విడిచి రోజు. తలకు మెత్తటి టోపీ, చేతులకు దోమతెర లాంటి పల్చటి తొడుగులు. కళ్ళు మూసుకుంటే సగం నిద్ర పడుతుంది. ఆ నిద్రలో వేళ్ళు వాటంతటవే కదులుతాయి. తవిటమ్మ వేళ్ళలోకి ఎక్కిస్తున్నది కేరళలో ఒక పెద్దావిడ చేతిని. ఆవిడ ముప్పై ఏళ్ళుగా గుండెలో పెట్టే కవాటాలు కుడుతోంది. రూపాయి బిళ్ళంత చుట్టుకు, వెంట్రుకలాంటి దారంతో, భూతద్దం కింద వందల కుట్లు. అలాంటి కార్ఖానా ఒకటి ఈ ఊరి పొలిమేరలో కొత్తగా వచ్చింది. వాళ్ళకు చేతులు కావాలి.

నాలుగోసారి అయ్యాక ఇంట్లో తవిటమ్మ ఉప్పు అనబోయింది. చెయ్యి లేచింది గానీ ఎటు పోవాలో తెలియక గాల్లో ఆగిపోయింది. వయసు మీద పడుతోందని నవ్వుకుని డబ్బా చూపించింది. ఆరోసారి తరవాత గురునాయుడు పక్కింటి మేక పోస్టాఫీసులోకి దూరిన కథ చెప్పాడు. ఆమెకు మేక వరకే అర్థమైంది. ఆయన మొహం చూసి, ఇక్కడ నవ్వాలి కాబోలు అనుకుని నవ్వింది. ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నవ్వాల్సిన చోటు ఇంకా రాలేదు.

ఏడోసారి వెళ్ళినప్పుడు డాక్టరు అడిగింది, "ఇంట్లో ఏమైనా తేడా కనిపిస్తోందా? ఏదైనా మర్చిపోవడం, తడబడటం?"

ఇక్కడ తవిటమ్మ తప్పు ఉంది. దాన్ని కప్పెట్టి కథ చెప్పడం న్యాయం కాదు. మొదటిసారి అబద్ధం అలవాటు కొద్దీ వచ్చింది. ఈసారి ఆమెకు తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ కార్ఖానా నుంచి వచ్చిన కాగితం అప్పటికే ఆమె పెట్టెలో ఉంది, ఫలానా తారీకున పనిలో చేరమని. తొమ్మిదేళ్ళలో ఆమె పేరు మీద ఇంటికి వచ్చిన మొదటి కాగితం అది. పొద్దున్నే తలదువ్వుకుని, గుమ్మం దాటి, పనికెళ్తున్నాను అని నలుగురికీ కనపడేలా నడవాలన్న ఆశ ఎంతటిదో, ఆ నడక పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

"ఏటీ నేదమ్మా" అంది.

పన్నెండూ పూర్తయ్యాయి.

పని మాత్రం బంగారం లాంటి పని. ఆ మాట ఒప్పుకోవాలి. తెల్ల కోటు, తెల్ల టోపీ, చల్లటి హాలు. భూతద్దం కిందకు చెయ్యి పోగానే దానికి అన్నీ తెలుసు. ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో. తాను కుట్టినది ఎక్కడో ఎవరి గుండెలోనో తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందని తలుచుకుంటే తవిటమ్మకు ఒళ్ళు జలదరించేది. నెల తిరక్కుండానే ఆమె కుట్టిన వాటిని కొత్తవాళ్ళకు చూపించారు.

చేతితో పాటు ఆ కేరళ పెద్దావిడ అలవాట్లు కూడా వచ్చాయి. సూది తీసే ముందు తవిటమ్మ బల్ల మీద రెండుసార్లు వేలితో కొడుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడు చిటికెనవేలు పైకి లేస్తుంది. ఇవేవీ ఆమెవి కావు. అడిగితే, బియ్యంతో పాటు నాలుగు వడ్లు రావా, అలాంటివే ఇవీ అని డాక్టరు తేలిగ్గా అంది. ఎప్పుడూ చూడని ఆ పెద్దావిడ తన ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది తవిటమ్మకు. మొదట్లో సరదాగానే ఉండేది.

ఇంటికి వస్తే గురునాయుడు గుమ్మంలో ఉండేవాడు. చెయ్యి ఎత్తి ఏదో అనేవాడు. ఆమెకు అది ఈగలు తోలినట్టు కనపడేది. ఒక్క ముక్క రాదు. పద్దెనిమిదో ఏట నుంచి చూసిన చెయ్యి, ప్రేమించానని మిల్లంతా చూస్తుండగా చెప్పిన చెయ్యి, ఊరికే కదిలే చెయ్యి అయిపోయింది. చేతిమాట పోయిందన్న సంగతి ఆమెకు గుర్తుంది. అందులో ఏ మాట ఎలా ఉండేదో గుర్తులేదు.

ఆమె ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చింది. ఆయన లేవదీసి కూర్చోబెట్టి, చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు, చెయ్యి పట్టుకుని నేర్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు, అన్నం, రా, పో. సాయంత్రానికి పది మాటలు వచ్చేవి. తెల్లారితే ఒక్కటీ ఉండేది కాదు. ఆ చోటంతా కవాటాలు నిండి ఉన్నాయి. పదిహేను రోజులు చూసి ఆయనే మానేశాడు.

ఫోను కొన్నారు. ఆమె మాట్లాడితే అందులో అక్షరాలు పడతాయి. ఆయన కూడబలుక్కుని చదువుకుంటాడు, నోటితో ఒక మాట జవాబిస్తాడు. కరెంటు బిల్లు, మందు బిళ్ళ, కూరలో కారం, అన్ని సంగతులూ జరిగిపోయేవి. లోటేమీ లేదు అనుకుంటే లేదు. కానీ ఫోనులో పడే అక్షరాలకు వేళాకోళం తెలియదు. మున్సిపాలిటీ ఆయన మళ్ళీ వచ్చాడు. గురునాయుడు బుద్ధిగా తలూపాడు. ఎడమచెయ్యి తొడ పక్కన ఊరికే వేలాడుతూ ఉంది. మున్సిపాలిటీ ఆయన వెళ్ళిపోయాక తవిటమ్మ ఫోను ముందు పెట్టి, "ఏటైనా అను మావా" అంది. గురునాయుడు చదువుకుని, "ఎవుల్తో అనాల?" అన్నాడు. గొంతు వీధి దాకా వినపడింది.

ఆ మర్నాడు ఆమె కార్ఖానాకు సెలవు పెట్టి చేతుల ఆపీసుకు వెళ్ళింది.

"నాను అబద్దమాడినానమ్మా" అంది డాక్టరు గదిలో, నిలబడే. "మాకు చేతిమాట ఉన్నాది. మా ఆయనకి చెవులు నేవు. మేం అదే మాటాడుకునేవోల్లం."

డాక్టర్ వకుళ చెడ్డ మనిషి కాదు. పాత ఫారం తీసి, లేదు అన్నచోట తాను పెట్టిన టిక్కునే చూస్తూ కూర్చుంది.

"ఏడోసారి కూడా అడిగాను తవిటమ్మగారూ."

"అడిగినారు. సెప్పనేదు."

"తీసినదాన్ని మేం దాచిపెట్టం. వాడనిదే కదా అని పారేస్తాం. మీది ఇప్పుడు ఎక్కడా లేదు."

"మా ఆయన కాడ ఉన్నాది కదమ్మా."

డాక్టరు తలెత్తింది.

"కేరళ ఆవిడ కాడినుంచి నాకెక్కించినారు. అలగే మా మావ కాడినుంచి ఎక్కించండి."

డాక్టరు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. భాషను ఇంతవరకూ ఎవరూ ఎక్కించలేదు. కానీ అది చేతిదే అయితే ఎక్కకపోవడానికి కారణం లేదు. చెయ్యి చెప్పగలిగితే కన్ను చదవగలుగుతుంది కూడా. "చోటు కావాలి" అంది చివరికి. "కుట్టు తీసెయ్యాలి. ఉద్యోగం పోతుంది. మళ్ళీ మేం ఇంకోటి ఇవ్వాలంటే రూలు ప్రకారం మీరు ఇంకో ఐదేళ్ళు ఖాళీగా ఉండాలి. అప్పటికి మీకు యాభై."

"తెలుసు."

"మీవారితో మాట్లాడారా?"

"ఎలగ మాటాడమంటారు?" అంది తవిటమ్మ.

గురునాయుడు ఒప్పుకోలేదు. ఫోనులో సంగతంతా చదివి, పని మానొద్దని నోటితో అరిచాడు. నా కోసం ముసలమ్మలా మళ్ళీ మూల కూర్చోవద్దన్నాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆయన చేతిమాటను పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఎడమచేతికి తొడుగు వేసి, తలకు టోపీ పెట్టి, ఆయన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు. చెయ్యి ఆగకుండా మాట్లాడాలి, తెలిసినదంతా రావాలి అన్నారు. ఎదురుగా ఖాళీ గోడ. గురునాయుడు మొదట పొడిపొడిగా మొదలుపెట్టాడు. తరవాత వేగం అందుకున్నాడు. గోడను చూసి నవ్వాడు, కోప్పడ్డాడు, బతిమాలాడు. ఒకచోట కళ్ళు తుడుచుకుని, ఆ తడిచేత్తోనే మళ్ళీ చెప్పాడు. అద్దం ఇవతల తవిటమ్మ మూడు రోజులూ కూర్చుని చూసింది. ఒక్క మాట తెలియలేదు. బయటికి వచ్చాక ఆమె ఫోను పట్టుకుని, "ఏటి సెప్పినావు మావా?" అని అడిగింది. ఆయన చదివి, ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు.

కార్ఖానాలో చివరి రోజున ఆమె చేతిలో ఉన్న కవాటాన్ని పూర్తిచేసే లేచింది. సగంలో వదిలితే ఎవరి గుండెకో మోసం అనుకుంది. పక్క బల్ల పిల్ల ఎందుకు మానేస్తున్నావు పిన్నీ అంటే, "ఇంటికాడ పనుంది" అంది. చేతుల ఆపీసు లెక్కలో మాత్రం ఆమె గెలిచిన మనిషే. తొంభై రోజులు పనిచేస్తే చాలు, తిరిగి పనిలో చేరినవాళ్ళ జాబితాలోకి పేరు ఎక్కుతుంది. ఎక్కిన పేరు దిగదు.

మళ్ళీ పన్నెండు సార్లు పడుకుంది. ఈసారి కుట్టు పోతున్న సంగతి తెలుస్తూనే ఉంది. బల్ల మీద రెండు దెబ్బలు పోయాయి. చిటికెనవేలు మామూలుగా దిగింది. పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మధ్యలో ఇంట్లో చేతులు కదపవద్దని డాక్టరు చెప్పింది, పచ్చిగోడ మీద చెయ్యి వేసినట్టవుతుందని. పన్నెండోసారి అయ్యాక ఆవిడే గేటు దాకా వచ్చి, "వెళ్ళి మాట్లాడుకోండి" అంది. ఆవిడ గొంతులో కూడా ఆశే ఉంది.

సాయంత్రం ఐదున్నర. వీధిలో ఎండ ఇంకా ఉంది. గురునాయుడు కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి, ఆమెను చూసి బిందె వదిలేశాడు. నీళ్ళు పొర్లిపోతున్నాయి. తవిటమ్మ ఎడమచెయ్యి ఎత్తింది.

మాటలు వచ్చాయి. వరదలా వచ్చాయి. "కొలాయి కట్టు, నీల్లు పోతన్నాయి. ఏటలగ చూస్తన్నావు? నాకు ఆకలేస్తన్నాది. ఏటి వండినావు?" చెయ్యి తడుముకోలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జవాబు చెప్పాడు, ఆమెకు ప్రతి ముక్కా అర్థమైంది. వంకాయ కూర. మాడిపోయింది. పక్కింటి మేకకు పెడితే అది కూడా వద్దంది. తవిటమ్మ సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆమె చెప్తూనే ఉంది. కార్ఖానా గురించి, చల్లటి హాలు గురించి, సగంలో వదలని చివరి కవాటం గురించి. ఏళ్ళ ఆకలి తీరినట్టు చెప్తూనే ఉంది.

కాసేపటికి ఆయన ముఖంలో నవ్వు సన్నగిల్లింది. ఆమె చేతినే చూస్తున్నాడు, మాటల్ని కాదు. గురునాయుడికి ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. పాతికేళ్ళ కింద మగ్గం తీసుకున్న వేలు. ఆ వేలితో అనాల్సిన మాటల్ని ఆయన నడిమివేలితో అంటాడు. తవిటమ్మ తన నిండు చూపుడువేలును మడిచిపెట్టి, నడిమివేలితో మాట్లాడుతోంది. ఆయన లాగే భుజం ఎగరేస్తోంది. వేళాకోళానికి ముందు ఆయన లాగే మణికట్టు విదిలిస్తోంది. ఆమెకు వేరే తీరు ఉండేది. నెమ్మదిగా, మాట చివర సాగదీస్తూ, అలిగినప్పుడు వేళ్ళు లోపలికి తిప్పుకుంటూ. అది తెలిసినవాడు లోకంలో ఆయన ఒక్కడే. గోడ ముందు మూడు రోజులు కూర్చుని ఆయన ఇచ్చినది తననే. అదే ఇప్పుడు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తోంది.

ఆయన ముందుకు వంగి ఆమె చూపుడువేలును మెల్లగా నిటారుగా చేశాడు. వదలగానే అది మడుచుకుంది.

తవిటమ్మకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయన ముఖం చూసి భయమేసి, ఆయన్ను పిలిచింది. చెయ్యి లేచి, వేళ్ళ కొసలు ఒకదానితో ఒకటి రుద్ది, పిడికెడు చల్లినట్టు వదిలింది. తవుడు చల్లినట్టు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, తవుడు ఇచ్చి కొనుక్కున్నామని చెప్పి పెట్టిన పేరు ఆమెది. మిల్లులో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు.

తన పేరుతో ఆయన్ను పిలిచింది.

ఆగి, మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తవుడే. ఆయన పేరు కోసం చేతినిండా వెతికింది. లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? మనిషి జన్మంతా మాట్లాడినా తనను తాను పిలుచుకోడు కదా. గురునాయుడి చేతిలో లోకమంతా ఉంది, గురునాయుడు తప్ప. ఆయన్ను పిలిచే మాట ఆమె చేతిలోనే ఉండేది. డాక్టరు వాడని సరుకని పారేసిన వాటిలో అది పోయింది.

"నాను నిన్ను ఏటని పిలిసేదాన్ని?" అని అడిగింది, ఆయన చేత్తో.

ఆయనకు గుర్తుంది. చూసిన గుర్తు. తన చేత్తో ఎన్నడూ పట్టని మాటను ఆయన తంటాలు పడి పట్టి చూపించాడు. ఆమె అలాగే చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అది కాదు. ఇంకొకసారి చూపించాడు, ఇంకొకసారి చేసింది. ఆమె కంటికి అదొక ఊరికే కదిలే చెయ్యి. లోపల ఏమీ పలకలేదు. తెల్లారేసరికి ఆ కదలిక కూడా జారిపోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో మాటలకు కొదవ లేదు. మున్సిపాలిటీ ఆయన వస్తే రెండు ఎడమచేతులూ తొడల పక్కన వ్యాఖ్యానం చేస్తాయి, ఒకే తీరున. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. కానీ గురునాయుడు ఒక వేళాకోళం ఆడితే, దానికి ఆమె ఇచ్చే ఎదురుమాట ఆయనకు ముందే తెలిసిపోతుంది. అది ఆయన ఇచ్చే ఎదురుమాటే కనుక. అలగడం కూడా ఆయన లాగే అలుగుతుంది. ఒక్కొక్క మధ్యాహ్నం ఆయన చెయ్యి దించేసి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.

అప్పుడు తవిటమ్మ ఆయన మోకాలు తట్టి కళ్ళు తెరిపిస్తుంది. వేళ్ళ కొసలు రుద్ది తవుడు చల్లి, తన పేరుతో ఆయన్ను పిలుస్తుంది. ఆమెకు వేరే పేరు రాదు. ఆయన కాసేపు ఆ చేతినే చూస్తాడు. తరవాత పలుకుతాడు.